గడియకుడకా, ధారపాత్రా, నకిలీ సరుకా: ఒక రాగి గిన్నె పరీక్ష

మే నెల ఎండల్లో నల్లగొండ పక్క పల్లె నుంచి ఒక పెద్దమ్మ, ఆమె అల్లుడు మా ఇంటికి వచ్చారు. పాత తువ్వాలలో చుట్టి స్టీలు టిఫిను డబ్బాలో పెట్టిన రాగి గిన్నె ఒకటి బల్ల మీద పెట్టారు. వాళ్లది తరాలుగా పంచాంగం చెప్పే ఇల్లు. నేను పాత లోహపు వస్తువుల సంరక్షణ పని చేస్తానని ఎవరో చెప్పారట.

"గిది గడియకుడక బిడ్డా. మా మామ పెండ్లిళ్లకు గిదే నీళ్లల్ల ఇడిసి లగ్గం జూసేటోడు. అసలుదా, నకిలీదా నువ్వే తేల్చాలె" అంది పెద్దమ్మ. గడియకుడక అంటే నీళ్లలో తేలవిడిచి, అది మునిగేదాకా పట్టే సమయంతో కాలం కొలిచే గిన్నె.

అసలు, నకిలీ అన్న మాట ఆ ఇంట్లో పుట్టింది కాదు. అల్లుడు ఫొటోలు తీసి, పాత సామాన్లు కొనే ఒకాయనకు పంపాడు. ఆయన ఇంటికొచ్చి, బకెట్లో గిన్నె వదిలి, ఫోన్లో టైము చూశాడు. 31 నిమిషాలకు మునిగింది. గడియంటే 24 నిమిషాలు కదా, ఇది యాసిడ్ పూసి పాతదిగా చేసిన కొత్త గిన్నె, అంచు చూడండి మిషన్ మీద తిప్పినంత గుండ్రంగా ఉంది, ఇత్తడి సామాన్ల ధరకైతే తీసుకుంటానన్నాడు. ఆ తర్వాత చుట్టాల్లో ఒక అర్చకుడు చూసి, ఇది గడియకుడక కానే కాదు, శివలింగం మీద బొట్టుబొట్టుగా నీళ్లు పడేందుకు వేలాడదీసే ధారపాత్ర అన్నాడు. ఇంటివాళ్ల నమ్మకం మూడోది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలి, నల్లగొండ పక్కన పానగల్లు గుళ్లు కట్టించిన కందూరు చోడుల కాలం నుంచి, అంటే దాదాపు 900 ఏళ్లుగా, ఈ గిన్నె తమ వంశంలోనే ఉందని వాళ్ల నమ్మకం.

కేసు మొదలయ్యేటప్పటికి ఇదీ పరిస్థితి. ముగ్గురూ ఒకే గిన్నెను చూసి మాట్లాడుతున్నారు కానీ ముగ్గురి ప్రశ్నలు ఒకటి కావు. ఇది నిజంగా కాలాన్ని కొలిచే యంత్రమేనా అన్నది ఒక ప్రశ్న. ఎప్పటిదన్నది ఇంకొకటి. పాతది కాకపోతే నకిలీది, నకిలీది కాకపోతే 900 ఏళ్లది అని కలిపి మాట్లాడినంతసేపూ ఈ తగువు తెగదు. రెంటినీ విడగొట్టడమే నా మొదటి పని అనుకున్నాను.

గడియకుడక సంగతి

తెలియని వాళ్ల కోసం ఒక మాట. గడియకుడక అంటే అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నె. ఎండు కొబ్బరి కుడకలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పెద్ద గంగాళంలో నీళ్లు పోసి దీన్ని తేలవిడిస్తే, రంధ్రంలోంచి నీరు పైకి ఎక్కి, నిండి, గుడుక్కున మునుగుతుంది. ఆ మునకే ఒక గడియ. రాత్రీ పగలూ కలిపి 60 గడియలు, కాబట్టి గడియకు 24 నిమిషాలు. రెండు గడియలు ముహూర్తం, ఏడున్నర గడియలు జాము. మనం గోడకు తగిలించుకున్న గడియారం పేరులో ఉన్నదీ ఈ గడియే. "గడియ పురుసత్తు లేదు" అనే మా అమ్మమ్మకు 24 నిమిషాల లెక్క తెలిసి ఉండకపోవచ్చు, కానీ ఆ మాట ఈ గిన్నెలోంచే వచ్చింది.

మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం దీన్ని కపాల యంత్రం అంది. స్వచ్ఛమైన నీళ్లలో పెట్టిన రాగి పాత్ర రాత్రింబవళ్లలో 60 సార్లు మునిగితే అది సరైన యంత్రం అని దాని నిర్వచనం. ఇందులో నాకు ఎప్పుడూ నచ్చేది ఒకటుంది. అసలైన గిన్నె అంటే ఏమిటో అక్కడ పనిని బట్టి చెప్పారు, వయసును బట్టి కాదు. 7వ శతాబ్దంలో నలందలో ఉన్న చైనా యాత్రికుడు ఇత్సింగ్ మఠాల్లో ఇలాంటి గిన్నెలతో వేళలు చూడడం రాసుకున్నాడు. 16వ శతాబ్దంలో బాబర్ తన ఆత్మకథలో మన దేశపు 60 గడియల లెక్క గురించీ, ఒక్కో గడియకు కంచు పలకను మోగించే మనుషుల గురించీ వివరంగా చెప్పాడు. అంటే వెయ్యేళ్లకు పైగా ఈ గిన్నె రూపం పెద్దగా మారలేదు. అందుకే ఆకారం చూసి దీని కాలం చెప్పడం కుదరదు.

మొదటి చూపు

గిన్నె నోటి వెడల్పు 13.2 సెంటీమీటర్లు, లోతు 6.4 సెంటీమీటర్లు, బరువు 187 గ్రాములు. అడుగున నడిమధ్య ఒకే రంధ్రం.

విప్పి చూడగానే నా గుండె కలుక్కుమంది. గిన్నెలో ఒక సగం తళతళ మెరుస్తోంది. కొనేవాడు వస్తున్నాడని, ఇంట్లో ఎవరో చింతపండు, ఉప్పు పెట్టి తోమడం మొదలుపెట్టి, పెద్దమ్మ కేకలేస్తే ఆపారట. తప్పు వాళ్లది కాదు, రాగి చెంబును మనమంతా అలాగే తోముతాం. కానీ పాత రాగికి పైన పట్టిన పొరే దాని చరిత్ర. ఇలాంటి వస్తువు ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే: తోమకండి. చింతపండు పులుపు పది నిమిషాల్లో తీసేసిన పొరను నేను ఏ పరికరంతోనూ తిరిగి తేలేను. పెద్దమ్మ ఆ రోజు కేక వేయకపోయి ఉంటే ఈ కేసు రాయడానికి నా దగ్గర సగం ఆధారాలు ఉండేవి కావు.

మిగిలిన సగం మీద పచ్చని చిలుము ఉంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దితే దూదికి రంగు అంటలేదు. చిలుము ఒకచోట పెచ్చు ఊడి ఉంది. కంప్యూటర్‌కు తగిలించే చిన్న మైక్రోస్కోప్‌తో ఆ అంచు చూస్తే పైన పచ్చ, దాని కింద ఎర్రటి పొర, ఆ కింద లోహం వరసగా కనిపించాయి. ఎర్రది క్యూప్రైట్, రాగి నెమ్మదిగా గాలికీ తేమకూ మారుతూ మొదట కట్టుకునే పొర. యాసిడో ఉప్పో పూసి తొందరగా తెప్పించిన చిలుము మామూలుగా పొడిపొడిగా ఉండి, లోహం మీద నేరుగా కూర్చుంటుంది. యాసిడ్ మాట ఇక్కడికి నిలవలేదు.

మిషన్ మీద తిప్పిందన్న మాట కూడా అదే రోజు తేలిపోయింది. చీకటి గదిలో టార్చిని పక్క నుంచి వాలుగా పట్టి చూస్తే గిన్నె లోపలంతా ఒకదాని మీద ఒకటి ఎక్కిన సుత్తి దెబ్బలు. మందం అంచు దగ్గర 1 మిల్లీమీటరు, నడుమున 0.6, అడుగున 0.8. లేత్ మీద ఒత్తిన గిన్నెకైతే లోపల వలయాలు వలయాలుగా గీతలుండాలి. అవి లేవు. మరి అంచు అంత గుండ్రంగా ఎలా ఉంది? ఎనిమిది దిక్కుల్లో కొలిస్తే 13.1 నుంచి 13.3 వరకు వచ్చింది. మంచి చేతి పనివాడికి ఆ మాత్రం గుండ్రన పెద్ద విషయం కాదు. మన కంచరుల చేతిని తక్కువగా అంచనా వేయడం వల్ల వచ్చిన అనుమానమే అది.

ఈ రకం అనుమానం కొత్తది కూడా కాదు. గ్రీసులో ఆంటికితెరా దీవి పక్కన దాదాపు రెండు వేల ఏళ్ల కిందట మునిగిన ఓడలోంచి 1901లో పైకి తీసిన కంచు ముద్దలో పళ్ల చక్రం ఉందని 1902లో గమనించినప్పుడు, ఇంత చిక్కని పని ఆ కాలానిది అయ్యుండదు, తర్వాతెప్పుడో అక్కడ పడి ఉంటుందని కొందరు పండితులే అన్నారు. ఆ వాదన తెగింది పైరూపం మీద మాటలతో కాదు. 1970లలో ఎక్స్‌రేలతో, ఆ తర్వాత 2005లో తీసిన సీటీ స్కాన్లతో లోపలి పళ్లు లెక్కపెట్టారు. ఒక చక్రానికి 223 పళ్లు. గ్రహణాలు తిరిగి వచ్చే చక్రానికి 223 చాంద్రమాసాలు. ఆ పరికరం ఏ పని కోసం పుట్టిందో ఆ సంఖ్యే చెప్పేసింది. కాలాన్ని కొలిచే పరికరాన్ని పరీక్షించేటప్పుడు నేను పట్టుకునే దారి ఇదే: దాని లోపల ఉన్న అంకె ఏమిటి? ఈ గిన్నెలో ఉన్న అంకె రంధ్రం కొలత. అది 24 నిమిషాలకు కుదురుతుందా, లేదా?

31 నిమిషాల చిక్కు

పాత గిన్నెను నీళ్లలో ఊరికే ముంచడం నాకు ఇష్టం ఉండదు. రాగిలో క్లోరైడ్లు ఉంటే తేమ తగిలి లేత పచ్చని పొడి రాలే జబ్బు మొదలవుతుంది. ముందు ఆ జాడలు లేవని చూసుకుని, ఐదు మునకలకు మించకూడదని నిర్ణయించుకున్నాను. డిస్టిల్డ్ వాటర్, స్టీలు గంగాళం, గిన్నె కిందికి దిగినప్పుడు దెబ్బ తగలకుండా అడుగున నాలుగు మడతల తడిబట్ట.

మొదటి మునక లెక్కలోంచి తీసేశాను. పది నిమిషాలైనా నీరు ఎక్కలేదు. చూస్తే రంధ్రంలో గాలిబుడగ. మిల్లీమీటరు రంధ్రానికి చిన్న బుడగ కూడా బిరడాయే. ఆ తర్వాత గిన్నెను ముందే తడిపి వదిలాను. తెల్లవారుజామున నీళ్లు 26 డిగ్రీలున్నప్పుడు రెండు మునకలు: 31 నిమిషాల 10 సెకన్లు, 31 నిమిషాల 15 సెకన్లు. మధ్యాహ్నం నీళ్లు 38 డిగ్రీలున్నప్పుడు మరో రెండు: రెండూ 30 నిమిషాల 30 సెకన్లకు అటూ ఇటూ. వేడికి నీరు పలచబడి త్వరగా ఎక్కుతుంది, అందుకే తేడా. నల్లగొండ ఎండలో పెండ్లి పందిట్లో మునిగే గడియకూ, పుష్యమాసపు తెల్లవారుజామున మునిగే గడియకూ అర నిమిషానికి పైగా తేడా రావడం సహజం.

అంటే కొనేవాడి కొలత నిజమే. తప్పు ఆయన తీసిన అర్థంలో ఉంది. ఈ రోజు ఈ గిన్నె 31 నిమిషాలు చూపిస్తోంది సరే, పుట్టిన రోజు ఎంత చూపించింది?

మైక్రోస్కోప్‌లో రంధ్రం అంచు చుట్టూ చిలుము, తెల్లటి సున్నపు పొర లోపలికి పెరిగి కనిపించాయి. ఆ పొరలో ఒకచోట కొత్త గీత కూడా ఉంది, ఎవరో పిన్నీసు పెట్టి పొడిచారు. ఇక్కడ అల్లుడు అడిగిన మాట అందరూ అడిగేదే: "ఆ మురికి తీసేసి మళ్లా ఇడిసి చూస్తే అయిపోతది గద సార్?" అవదు. ఈ యంత్రంలో కదిలే భాగాలు లేవు, పళ్ల చక్రాలు లేవు. యంత్రమంతా ఆ ఒక్క రంధ్రమే. సూదితో శుభ్రం చేస్తే లోహం అంచు కూడా అరుగుతుంది. వ్యాసం పది శాతం పెరిగితే నీరు ఎక్కే దారి 21 శాతం పెరుగుతుంది. 24 నిమిషాలు వచ్చేదాకా గీకి, చూశారా 24 వచ్చింది అనడం పరీక్ష కాదు, మనకు కావలసిన జవాబును మనమే తయారుచేసుకోవడం.

అందుకని రంధ్రాన్ని ముట్టకుండా కొలవాలి. నల్లగొండలో తెలిసిన పళ్ల డాక్టరు ఒకరు సాయం చేశారు. పంటికి తీసే చిన్న ఎక్స్‌రే కిందే గిన్నె అడుగును పెట్టి, కొలతకు పక్కన 1 మిల్లీమీటరు డ్రిల్ బిట్ ఉంచి తీశాం. చిలుము రాగి కంటే చాలా పలచన, కాబట్టి ఎక్స్‌రేలో లోహం ఎక్కడ ఆగిందో, పేరుకున్న పొర ఎక్కడ మొదలైందో వేరుగా కనిపించాయి. లోహపు రంధ్రం 1.05 మిల్లీమీటర్లు. ఇప్పుడు తెరిచి ఉన్న దారి సుమారు 0.93. కొలతలో 0.03 అటూ ఇటూ తప్పు ఉండొచ్చు, దానివల్ల గడియలో నిమిషంన్నర దాకా తేడా వస్తుంది. ఈ మాట నివేదికలో రాశాను.

తర్వాత నకలు గిన్నె. రాగి రేకు పని తెలిసిన ఒక కంచరి మేస్త్రీ చేత అదే కొలతలతో సుత్తి మీద కొట్టించాను. బరువు 189 గ్రాములు వచ్చింది. ఈ పనిలో బరువు, నోటి వెడల్పు రెండూ ముఖ్యమే. గిన్నె బయటి నీటిమట్టానికీ లోపలి నీటిమట్టానికీ ఉన్న తేడాయే నీటిని రంధ్రంలోంచి పైకి తోస్తుంది, ఆ తేడా గిన్నె బరువు వల్ల వస్తుంది. అదే నోరు, అదే లోతు ఉన్న రెండు గిన్నెల్లో బరువైనది త్వరగా మునుగుతుంది. మేస్త్రీకి ఈ లెక్క చెప్పబోతే నవ్వి, "బరువు తక్కువైతే తేలుతనే ఉంటది, నాకెర్క లేదా" అన్నాడు. నకలుకు 0.9 మిల్లీమీటర్ల రంధ్రంతో మొదలుపెట్టాం: 33 నిమిషాల పైచిలుకు. 1.0 కు పెంచితే 27 నిమిషాలకు కొంచెం తక్కువ. 1.05 కు పెంచితే 24 నిమిషాల 30 సెకన్లు.

ఆ చివరి మునక చూసేటప్పుడు పెద్దమ్మ కూడా ఉంది. గుడుక్కుమన్న చప్పుడుకు చటుక్కున తల ఎత్తింది. "గదే సప్పుడు. మా మామ నిద్రల ఉన్నా గా సప్పుడుకు లేసేటోడు" అంది.

ధారపాత్ర కాదని ఎలా తెలిసింది

24 నిమిషాలు కాకతాళీయంగా వచ్చి ఉండొచ్చు అన్నది అర్చకుడి వాదన. న్యాయమైన వాదన. ధారపాత్రకూ అడుగున రంధ్రమే కదా. కానీ ధారపాత్రను గొలుసులతో వేలాడదీయాలి, లేదా ముక్కాలి మీద నిలపాలి. ఈ గిన్నె అంచుకు చెవులు లేవు, గొలుసు రంధ్రాలు లేవు, నిలబెట్టిన చోట పడే ఒరిపిడి లేదు.

అంతకన్నా బలమైన సాక్ష్యం మన నల్లగొండ నీళ్లే ఇచ్చాయి. ఇక్కడి బోరు నీళ్లు, బావి నీళ్లు పోసిన ఏ బిందె అయినా చూడండి, తెల్లని సున్నపు పొర కడుతుంది. ధారపాత్రలో నీళ్లు లోపలే ఉంటాయి కాబట్టి పొర లోపల కట్టాలి, బయట రంధ్రం కింద ఒక చార మాత్రమే ఉండాలి. ఈ గిన్నెలో తోమని సగం మీద లోపలా బయటా ఒకే తీరున, అంచు దాకా పొర ఉంది. మొత్తం మునిగి, పైకి తీసి, ఆరబెట్టి, మళ్లీ మునిగిన వస్తువుకే అలా ఉంటుంది. అడుగున బయటి వైపు రంధ్రం చుట్టూ చిన్న చిన్న సొట్టలు కూడా ఉన్నాయి, మునిగిన ప్రతిసారీ గంగాళం అడుగును తాకిన గుర్తులు. ఈ రెండూ చూపించాక అర్చకుడే ఒప్పుకున్నాడు.

మరి ఎప్పటిది?

లోహం విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని మరీ నమ్మకూడదు. బంగారం దుకాణంలో క్యారెట్ చూసే మిషన్ కింద, తోమిన సగం మీద మూడు చోట్ల పెట్టి చూశాం. రాగితో పాటు సీసం, ఆర్సెనిక్ కనిపించాయి, రెండూ కలిపి ఒక శాతానికి దగ్గరగా. విద్యుత్తుతో రాగిని శుద్ధి చేసే పద్ధతికి ఎల్కింగ్టన్ పేటెంట్ 1865 నాటిది. ఆ పద్ధతిలో వచ్చిన రాగి దాదాపు స్వచ్ఛంగా ఉంటుంది. ఈ గిన్నె రాగి అలాంటిది కాదు. అయితే పాత చెంబులు కరిగించి నిన్న చేసిన గిన్నెలో కూడా సీసం ఉంటుంది. పైగా ఆ మిషన్ బంగారం కోసం సరిచేసింది, చూసేది పైపొరనే. కాబట్టి దీన్ని తోడు సాక్ష్యంగా మాత్రమే తీసుకున్నాను.

అసలు తేదీ అంచు మీదే ఉంది. చిలుము కింద మాసిపోయి ఉండడంతో ఇంట్లోవాళ్లు ఎన్నడూ చదవలేదు. మన ఇళ్లలో బిందెల మీద పేర్లు కొట్టిస్తాం కదా, అలాగే చుక్కలు చుక్కలుగా ఒక ఇంటిపేరు, ఆ పక్కన "ఫ ౧౨౯౦". ఫ అంటే ఫసలీ, ఆ తెలుగు అంకెలు 1290. ఫసలీ అంటే నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలకు వాడిన సంవత్సరాల వరస. దానికి 590 కలిపితే మన క్రీస్తు శకం, అంటే 1880-81. పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఆ ఇంటిపేరు వాళ్లదే.

చుక్కలు తర్వాతెప్పుడో కొట్టించి, పాత తేదీ వేసి ఉండొచ్చు కదా? చూశాను. తోమని వైపు చుక్కల గుంటల్లోపల కూడా అదే ఎర్ర పొర, అదే పచ్చ, అదే సున్నం. కొత్తగా గుద్దిన చుక్కలో మెరిసే లోహం కనిపించాలి. ఇంకో చిన్న సంగతి నన్ను చాలాసేపు కట్టిపడేసింది. అంచున ఒకచోట సొట్ట ఉంది. అక్షరాల వరస దాని దగ్గరికి వచ్చేసరికి ఆగి, సొట్ట దాటాక మళ్లీ మొదలైంది. పేరు కొట్టిన మనిషి సొట్టను తప్పించాడు. అంటే పేరు కొట్టే నాటికే గిన్నె వాడుకలో ఉండి సొట్టబడింది. కాబట్టి 1880 గిన్నె పుట్టిన ఏడు కాదు, అప్పటికే అది ఉందని చెప్పే ఏడు.

900 ఏళ్ల మాట దగ్గర ఇంటివాళ్లతో కొంత ఇబ్బంది పడ్డాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే స్తంభపు నీడ పగలంతా కదలకుండా ఉంటుందని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ నీడను సరిచూడడానికే చోడరాజులు ఈ గిన్నె చేయించారని అల్లుడు గట్టిగా అన్నాడు. ఆ గుడి కట్టిన వాళ్ల వెలుతురు జ్ఞానం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ కదలని నీడకు గడియతో పనేముంది? నీడతో పొద్దు చూడాలంటే అది కదలాలి. ఆ గుడి గొప్పదనం నీడను నిలబెట్టడంలో ఉంది, ఈ గిన్నె గొప్పదనం కదిలే కాలాన్ని పట్టడంలో. రెంటినీ ముడివేసే ఆధారం లోహం మీద గానీ, రాత మీద గానీ లేదు.

ఇచ్చిన నివేదిక

మూడు పేజీలు రాసి, ఫొటోలు, ఎక్స్‌రే జతచేసి ఇచ్చాను. వస్తువు గడియకుడక. చేతితో కొట్టింది. తొలి కొలత 24 నిమిషాల గడియకు, కొలతలో ఉండే తప్పు లోపలే, సరిపోతుంది. ఇప్పటి 31 నిమిషాలు రంధ్రంలో పేరుకున్న పొర వల్ల. ఫసలీ 1290 నాటికే వాడుకలో ఉంది. కందూరు చోడుల కాలానిదనడానికి ఆధారం లేదు. నకిలీ అనడానికీ ఆధారం లేదు. రంధ్రాన్ని ఎవరూ, ఏ కారణం చేతా శుభ్రం చేయరాదు.

అల్లుడికి విడిగా ఇంకో మాట చెప్పాను. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, సొంతంగా దేశం దాటించడం నేరం. ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. 900 ఏళ్ల మాట పోయినందుకా, బేరం పోయినందుకా అని నేను అడగలేదు.

పెద్దమ్మ మాత్రం నివేదికలో ఒక్క చోటే వేలు పెట్టింది. సొట్ట దగ్గర ఆగిన అక్షరాల ఫొటో. "మా ఆయన తాత పేరు కొట్టిచ్చిండని మా అత్త చెప్పేది. నేనే నమ్మలె" అంది. అసలు గిన్నెను మెత్తని నూలుబట్టలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి ఇచ్చాను. నకలు గిన్నె కూడా ఆమెకే ఇచ్చాను. మాఘమాసంలో మనుమరాలి పెండ్లి ఉందట. తెల్లవారుజాము ముహూర్తం, చలి నీళ్లు, కాబట్టి మునక ఒక అర నిమిషం ఆలస్యం కావచ్చని నకలు గిన్నె డబ్బా మూత మీద రాసి పంపాను.